అత్తమ్మ పెట్టెలో స్తోత్రం

మొన్న ఆదివారం మిర్యాలగూడలో మా సంఘమంతా తలలు వంచి మౌన ప్రార్థనలో ఉండగా, మా మేనత్త కొంగు చాటు నుంచి నా గొంతే వినిపించింది: "బ్యాటరీ అయిపోవస్తున్నది." వెంటనే అరడజను మంది ఆడవాళ్ల గొంతులు: "స్తోత్రం!" ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరాధనలో నవ్వకూడదని ఆదివారపు బడి పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఆ రోజు నావల్ల కాలేదు.

అత్తమ్మకు చూపు పోయి చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి బైబిలు వాక్యం వినడానికి ఆమె చేతిలో ఒక చిన్న పాటల పెట్టె, ఎంపీత్రీ ప్లేయర్, ఉంటుంది. మీటలు అరిగి నున్నబడ్డాయి, ఎప్పుడూ కొబ్బరినూనె వాసన. పొద్దున్నే దాన్ని చెవికి ఆనించుకుని, నొక్కులు లెక్కపెట్టుకుంటూ తనకు కావలసిన అధ్యాయం తానే తీసుకునేది. ఆ ఒక్క పనికి ఎవరినీ పిలవనక్కర్లేదన్నది ఆమె గర్వం. రెండేళ్ల కిందట పెట్టె మొరాయించింది. మధ్యలో ఆగేది, మళ్లీ మొదటికి పోయేది. సూర్యాపేట దుకాణాల్లో చూపిస్తే కొత్త ఫోన్ కొనమన్నారు. కొన్నాం. అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తడిమి నా ఒళ్లో పెట్టేసింది.

"గిది అద్దం లెక్క ఉన్నది బిడ్డా. ఏడ నొక్కాల్నో నా ఏలుకెట్ల తెలుస్తది? ఒక్కొక్క అధ్యాయానికి నిన్ను పిలవాల్నా?"

ఆమె కొడుకు, మా బావ, కోదాడలో ఫోన్లు బాగుచేస్తాడు. అతను వచ్చి పెట్టెను తిప్పి చూశాడు. "పడేయక్కర్లేదమ్మా. దీన్ని కంపెనీ వదిలేసింది గానీ, జనం వదల్లేదు."

ఇలాంటి పరికరాలను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారట. పాత పెట్టెల కోసం దాన్ని ఏయే దేశాల వాళ్లో జీతం లేకుండా రాస్తూ, ఒకరి తప్పులు ఒకరు దిద్దుతూ ఉంటారట. ఏ మీట నొక్కితే ఏమవుతుందో అది గొంతుతో చెబుతుందట కూడా. వింటుంటే మా సంఘమే గుర్తొచ్చింది. వాళ్లు మాలాగా అలగరేమో అన్నాను. "అలుగుతారు మరదలా, వాళ్ల ఉత్తరాలు చదివితే తెలుస్తది" అని బావ నవ్వాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. "తెలుగు గొంతు లేదమ్మా, మనమే చదివియ్యాలి. ఎక్కించేటప్పుడు తేడా వస్తే ఉన్నది కూడా పోద్ది."

అత్తమ్మ పెట్టెను కొంగుతో తుడిచి కొడుకు చేతికిచ్చింది. "ఎక్కియ్‌రా. మొదలు ప్రార్థన చేస్కుందాం."

శుక్రవారం స్త్రీల కూడిక అయ్యాక మందిరంలోనే ఒక్కొక్క మాటా ఫోన్‌లో రికార్డు చేస్తూ చదివాను: ముందుకు, వెనక్కి, ఆపు, అంకెలు, గ్రంథాల పేర్లు. మా దగ్గర ఎవరు గొంతెత్తి చదివినా వెనక నుంచి "స్తోత్రం" అనడం అలవాటు. అందరూ నోళ్లు బిగించుకుని కూర్చున్నారు. చివరిదైన బ్యాటరీ మాట దగ్గర మాత్రం అలవాటు గెలిచింది. నాకూ వినిపించలేదు, అంతగా చెవులకు అలవాటైపోయిన మాట అది.

ఎక్కించిన రోజు పెట్టె తెర నల్లబడింది. "ఏమాయె?" అంది అత్తమ్మ. బావ ఒక మీటను నొక్కిపట్టి వదిలాడు. చాలాసేపటికి పెట్టె లోంచి నా గొంతు పలికింది. అత్తమ్మ మీటలు నొక్కుకుంటూ తన అధ్యాయం చేరుకుంది. ఆ తర్వాత మా వైపు తిరగనైనా లేదు.

బావ ఆ తెలుగు గొంతును ఫర్మ్‌వేర్ రాసేవాళ్లకు పంపాడు. అక్కడి నుంచి ఒకాయన, బ్యాటరీ మాట చివర వినిపించే చిన్న మాటకు అర్థమేమిటి, తీసేయాలా అని రాశాడు.

"తియ్యొద్దను. ఇంకా ఊపిరున్నందుకు థాంక్స్ అని అర్థం, గట్లనే రాయ్" అంది అత్తమ్మ.

ఉంచారు. ఇప్పుడు ఎక్కడ ఏ తెలుగువాడు తన పాత పెట్టెలో ఆ గొంతు పెట్టుకున్నా మా ఆడవాళ్ల స్తోత్రం వినాల్సిందే. మన కాలం దేవుని చేతిలో ఉందని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఆ కాలంలో కొంత ఆయన, ముఖం తెలియని మనుషుల చేతుల మీదుగా కూడా పంపుతాడని ఆ అరిగిన మీటల దగ్గర తెలుసుకున్నాను.