ఆశన్న కారు తలుపు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులు లేక కాదు నేను ఆశన్న కారెక్కింది. కాలు ఒకచోట నిలవని వాణ్ని. బస్సులో కిటికీ దొరుకుతుంది, ఆశన్న కారులో మనుషులు దొరికేవారు. వెనక సీటులో నలుగురు ఇరుక్కుని కూర్చుంటే లింగంపేట దాటేలోపు ఎవరి కోడలు అలిగిందో, ఎవరి మక్కచేను పందులు తొక్కాయో, ఎవరికి మస్కట్ వీసా వచ్చిందో అన్నీ తెలిసిపోయేవి. ఆశన్న మాత్రం తక్కువ మాట్లాడేవాడు. ఎవరైనా గొంతు పెంచితే, "దిగి కొట్లాడుకోండ్రి, గీడ సీట్లు చిరుగుతయ్" అనేవాడు, అంతే.

ఆ తెల్ల కారుకు ఒక తెగులుండేది. తలుపులన్నీ మూసి దిగితే, కాసేపటికి నాలుగూ వాటంతట అవే టక్కున లాకు పడేవి. లోపలి తీగల్ని ఎప్పుడో ఎలుకలు కొరికాయట. బాగు చేయించాలంటే కారును షెడ్డులో వదిలి రావాలి. ఆశన్న వదలడు. అందుకని ఎక్కడ దిగినా తనవైపు అద్దాన్ని నాలుగు వేళ్లంత దించి ఉంచేవాడు. వానలో కూడా. సీటు తడిస్తే తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. ఆ సందులోంచి చెయ్యి పెట్టి లాకు పైకి లాగాలని ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. దొంగలకూ తెలిసే ఉంటుంది, కానీ ఆ కారును ఎవరు ఎత్తుకుపోతారు?

షుగరొచ్చి చూపు మసకబారాక ఇంట్లో గొడవ మొదలైంది. భార్య దేవవ్వది లింగంపేట, బీడీలు చుట్టి సంసారం ఈడ్చిన మనిషి. ఆమె మాట ఒకటే: "కారు అమ్మెయ్. ఎదురొచ్చే లారీ నీకు కనిపిస్తలేదు. నువ్వు సచ్చుడు గాక ఎక్కినోళ్లను గూడ సంపుతవా?" ఆశన్న జవాబూ ఒకటే, కంచం ముందు నుంచి లేచిపోవడం. చివరిసారి అలా లేచిపోయిన మర్నాడు కామారెడ్డి స్టాండులో స్టీరింగు మీద తల వాల్చాడు. ఎక్కి కూర్చున్నవాళ్లు చాలాసేపు లేపలేదు. అలసిపోయి ఉంటాడులే, కాసేపు పడుకోనీ అనుకున్నారు.

పూర్వం కొన్ని రాజ్యాల్లో దొర పోతే అతని గుర్రాన్నీ పక్కనే పూడ్చేవారని చదివాను. కారును ఏం చేస్తారు? తెచ్చి ఎల్లారెడ్డిలో అతని ఇంటిముందు నిలబెట్టారు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, దహనం చేసినచోట విస్తరిలో పెట్టి, అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషికి ఎవరిమీదా కోపం లేనట్టు. ముట్టకపోతే ఏదో మనసులో పెట్టుకుని పోయినట్టు. తిరిగిన ఊళ్లలో ఎన్నో నమ్మకాలు చూశాను, కొన్నింటికి నవ్వాను కూడా. ఆ రోజు నవ్వు రాలేదు. దేవవ్వ తెల్లవారకముందే లేచి మటన్ కూర, గారెలు, పచ్చిపులుసు తానే చేసింది. ఎవరినీ గంటె ముట్టనివ్వలేదు.

"అలిగి లేశిండు గదా," అంది నాతో, పొయ్యి ముందు నుంచి తల ఎత్తకుండానే. "గీ బువ్వన్న తినాలె. ఒక్క మెతుకు ముట్టినా సాలు నాకు."

ఆశన్న చేను పోచారం దారిలో ఉంది, దహనం అక్కడే జరిగింది. గిన్నెలన్నీ అతని కారులోనే వెనక సీటు మీద సర్దారు. నడిపింది తమ్ముడు మహేందర్. మస్కట్‌లో డ్రైవరు, కబురు తెలిసి ముందురోజే దిగాడు. ఎడారి దేశాల్లో బండి నడిపినవాళ్లకు ఒక అలవాటుంటుంది. చాయ్ తాగడానికి దిగినా, సామాను దించడానికి దిగినా ఇంజను ఆపరు. ఆపితే తిరిగొచ్చేసరికి కారు లోపల పొయ్యి. మహేందర్ చేను ఒడ్డున ఎండలో కారు నిలిపి, వదిన వండినది చెడిపోకూడదని ఏసీ పెట్టి, అద్దాలన్నీ బిగించి, ఇంజను నడుస్తుండగానే దిగి తలుపు వేశాడు. ఆ కారులో ఏసీ పనిచేస్తుందని మాకు ఆ రోజే తెలిసింది. ఆశన్న ఎన్నడూ వేసి ఎరుగడు.

బూడిద మీద నీళ్లు చల్లి, ఎముకలేరి కుండలో పెట్టి వెనక్కి వచ్చేసరికి కారు లాకు పడి ఉంది. లోపల తాళంచెవి వేలాడుతోంది. ఇంజను సన్నగా గుర్రుమంటోంది. గిన్నెల మీద కప్పిన తెల్లగుడ్డ ఏసీ గాలికి కదులుతోంది.

మహేందర్ నాలుగు తలుపులూ గుంజి చూశాడు. "నేను లాక్ ఎయ్యలే వదినె!"

"అది నువ్వు ఎయ్యకున్నా పడ్తది. అద్దం దించి దిగాల్నని ఎర్కలేదా?"

"నాకెవరు జెప్పిండ్రు? అన్న ఫోన్ల గివన్ని చెప్తడా?"

"ఊరందరికి ఎరుకే. ఎన్నడన్న దాంట్ల కూసుంటె నీకూ తెలుస్తుండె."

మహేందర్ ఒడ్డు మీది రాయి ఒకటి తీశాడు. దేవవ్వ అడ్డం పోయింది. "వద్దు. దానికి గీత పడ్తెనే రెండ్రోజులు మాట్లాడకపోయేటోడు. అద్దం పలిగితే ఇంకింత కోపమైతది. గీ ఒక్కరోజు ఆయన కోపం నాకొద్దు."

కులపెద్ద ఒకాయన ఆకాశం వైపు చూశాడు. "ఏదన్న జల్ది చెయ్యుండ్రి. పొద్దు నెత్తికెక్కితే పిట్టలు నీడకు పోతయ్."

ఎల్లారెడ్డికి ఫోన్ కొడితే సలీమ్ బండి మీద వచ్చాడు. మెకానిక్కు, ఆశన్నకు చిన్ననాటి దోస్తు. కారు టాపు మీద చెయ్యి వేసి, "బతికున్నన్ని రోజులు తాళం ఎయ్యలే గద భాయ్, గిప్పుడు ఏశినవా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆగారు. అద్దం అంచులోంచి ఇనుపస్కేలు దింపాడు, కొసన కొక్కెం వంచిన తీగ దింపాడు. అద్దం అంచు రబ్బరు ఎండకు ఎండి రాయైపోయి తీగను కదలనివ్వలేదు. ఒకసారి కొక్కెం లాకుకు తగిలింది, జారింది. మళ్లీ తగిలింది, మళ్లీ జారింది. చెమట కళ్లలోకి కారి తిట్లు మొదలుపెట్టాడు, దేవవ్వను చూసి మింగాడు.

"దూస్రా చావి లేదా వదినా?"

"ఆయన మొలతాటికి ఉండె," అంది. "తెంపి తీసుకోవాల్నని ఎవ్వలకు యాదికి రాలే. నాకూ రాలే."

అందరి తలలూ బూడిద వైపు తిరిగాయి. ఎముకలేరిన ముసలాయన గొణిగాడు: "ఇనుపముక్క ఏదో చేతికి తగిలింది. మేకు అనుకొని అటు పారేశిన."

వెతికితే ఆ తాళంచెవి దొరికింది. పట్టుకునే పిడి కరిగిపోయి, నల్లబడిన ఉత్త కడ్డీ. సలీమ్ దాన్ని అంగీ అంచుతో తుడిచి, కటింగ్‌ప్లేరుతో పట్టుకుని తాళం రంధ్రంలో పెట్టాడు. దూరింది. కొద్దిగా తిరిగింది కూడా. తర్వాత పుల్ల విరిగినంత చిన్న చప్పుడైంది. సగం ముక్క లోపలే ఉండిపోయింది.

"మాఫ్ చెయ్ వదినా," అన్నాడు సలీమ్. "మంటల పడ్డ ఇనుము. సత్తువ ఉండదు దాంట్ల."

దేవవ్వ మహేందర్ చేతిలోంచి రాయి తీసుకుంది. "కోపమైతే నామీదనే కానియ్" అని డ్రైవరు వైపు అద్దాన్ని కొట్టింది. బీడీలు చుట్టిన చెయ్యి, మొదటి దెబ్బకు అద్దానికి ఏమీ కాలేదు. మహేందర్ చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. మళ్లీ కొట్టింది, ఇంకా కొట్టింది. చివరికి అద్దం మొత్తం గులకరాళ్లలా రాలింది. సలీమ్ లోపలికి వంగి ఇంజను ఆపాడు. అప్పటిదాకా ఆ చప్పుడు అంత పెద్దగా ఉందని ఎవరికీ తెలియలేదు.

విస్తరి వేసి అన్నీ వడ్డించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కరెంటు తీగ మీద కాకులున్నాయి. దిగలేదు. జనం దూరం జరిగారు, ఇంకా జరిగారు.

"ఏదో కోరికుంది, మాటియ్యుండ్రి" అన్నాడు కులపెద్ద.

మహేందర్ చేతులు జోడించాడు. "అన్నా, వదినెను నేను అరుసుకుంట. రంది పెట్టుకోకు." కాకులు కదల్లేదు. "నీ కారెక్కేటోళ్లను నేను మరిచిపోను భాయ్, వచ్చి తిను" అన్నాడు సలీమ్. ఒక కాకి లేచింది. దూరంగా గట్టు మీద వాలి, ముక్కు తుడుచుకుని, మళ్లీ తీగ మీదికే పోయింది.

"కారు అమ్మనని చెప్పు దేవవ్వా," అన్నాడు కులపెద్ద. "పానం దాని కాడనే కొట్టుకుంటుంది. ఒక్క మాట. తర్వాత సంగతి తర్వాత."

ఆ మాట అంటే కాకి వస్తుందని అక్కడున్నవాళ్లందరూ నమ్మారు. ఆ క్షణంలో నేనూ నమ్మాననుకుంటాను. పుస్తకాలు ఎన్ని చదివితే ఏం? మహేందర్ వారంలో తిరిగిపోతాడు. బీడీలు చుట్టే మనిషి కారును ఏం చేసుకుంటుంది? ఇవన్నీ ఆమెకు తెలుసు. ఆ ఒక్క మెతుకు కోసం ఆమె తెల్లవారకముందే లేచిందని మాకు తెలుసు.

దేవవ్వ విస్తరి దగ్గరిదాకా పోయి నిలబడింది.

"అమ్ముత," అంది. "నడిపేటోడు లేడు. ఉట్టిగ నిలవెడ్తె తుప్పు పడ్తది. నువ్వున్నప్పుడు ఎన్నడు నీతోని అబద్ధమాడలే, గిప్పుడు ఆడ. తింటె తిను. తినకుంటె నేనేం చేద్దు?"

చాలాసేపు చూశాం. కూర మీద నూనె పేరుకుంది. గారెలకు చీమలు పట్టాయి. కాకులు ఒక్కొక్కటే లేచి పోచారం వైపు పోయాయి.

ఆఖరికి ఎవరో ఒక ఆవును తోలుకొచ్చారు. పిట్ట ముట్టకపోతే ఆవుకు పెట్టినా చెల్లుతుందని కులపెద్ద సర్దిచెప్పాడు. అన్నం, గారెలు ఆవు తిన్నది. మటన్ కుక్కల పాలైంది. చెల్లింది, చెల్లింది అంటూ అందరూ చేతులు కడుక్కున్నారు.

"ఆవు ఆకలికి ఆవు తిన్నది," అంది దేవవ్వ. ఎవరితోనూ కాదు.

మహేందర్ సీటు మీది గాజు దులిపి, ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఖాళీ గిన్నెలను కారులో పెట్టింది. తాను ఎక్కలేదు. ఎండలో నడిచి రోడ్డు మీదికి పోయి, ఎల్లారెడ్డి బస్సు వచ్చే వైపు తిరిగి నిలబడింది.