మునిరాజప్ప నోట జపాన్ పాట

2023 వర్షాకాలం. హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా పనంటే పిల్లల నత్తి పోగొట్టడమేనని చాలామంది అనుకుంటారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లు కూడా మా దగ్గరికే వస్తారు. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే, నాలుక కదులుతుంది, ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, కానీ చెప్పాలనుకున్న మాట నోటికి రాదు. దీన్ని అఫేసియా అంటాం.

మునిరాజప్ప అలాగే వచ్చాడు. ఏభై దాటిన కారు డ్రైవరు, మూకండపల్లిలో కాపురం. నోట్లోంచి "ఆఁ... ఆఁ" తప్ప ఏమీ రాదు. గ్లాసు చూపించి ఇదేమిటని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. నేను ఏది అడిగినా పక్కనున్న భార్య సరోజమ్మ గబుక్కున జవాబు చెప్పేసేది. "పరీక్ష మీకా, ఆయనకా?" అని కసురుకునేదాన్ని.

ఆమెనే చూపించి "ఈమె పేరేంటి?" అని అడిగాను. దగ్గరివాళ్ల పేర్లు అడగడం మాకు మామూలే. ఆయన ఆమె వంక చూసి, నా వంక చూసి, తల వంచుకున్నాడు. భార్య పేరు కూడా పోయిందంటే దెబ్బ పెద్దదేననుకున్నాను. బయటికొచ్చాక సరోజమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మల్లా మాట్లాడతాడా మేడమ్? నన్ను తిట్టినా చాలు."

కొన్నాళ్లకు ఒక ఉదయం వార్డుకి వెళ్లేసరికి మునిరాజప్ప పాడుతున్నాడు! గొంతు సన్నం చేసి, ఆడమనిషిలా, మాటలతో సహా, తడబాటే లేకుండా. తెలుగు కాదు, తమిళం కాదు, కన్నడం కాదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, మూడూ నాకొచ్చు. పాట ఆపించి "నీళ్లు" అనమంటే మళ్లీ "ఆఁ". నాకు మతి పోయింది.

సొంతూరు గురుబరపల్లి నుంచి వచ్చిన ఆయన అన్న వెంకటప్ప చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. "మారెమ్మ వచ్చింది. మా తమ్ముని నోట ఆయమ్మే పలకతా ఉంది. ఈడ పెట్టుకోని మీరేం జేస్తారు? రేపు ఊరికి తీసకపోతాం." పక్క మంచాలవాళ్లూ దండాలు పెడుతున్నారు. ఒకావిడ కూతురి పెళ్లి ఎప్పుడవుతుందో అడిగేసింది కూడా.

నాకు కోపమొచ్చింది. మాట తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి నెలల్లోనే. ఆ రోజులు పూజలకు పోతే ఆయన మూగగానే మిగిలిపోవచ్చు. "దేవత కాదు, పాట. పాటకి మెదడులో కుడివైపు కూడా సాయం చేస్తుంది, అటు దెబ్బ తగల్లేదు" అన్నాను.

"ఏ బాషమ్మా మరి?" అన్నాడు వెంకటప్ప. అక్కడ దొరికిపోయాను.

సాయంత్రం చూడటానికొచ్చిన తోటి డ్రైవరు అన్వర్ గుమ్మంలోనే నవ్వాడు. "ఇది జపాన్ సార్ కారు పాట గదా!" ఆ సారు పనిచేసే కంపెనీలోనే ఇద్దరూ డ్రైవర్లు, సారు కారు నడిపింది మునిరాజప్ప. బెంగళూరు ట్రాఫిక్‌లో సారు రోజూ ఇవే పెట్టించుకునేవాడట. "అంతా ఆడవాళ్ల పాటలే మేడమ్. ఎవురో రాసిస్తే పాడేది కాదంట, ఆయమ్మలే రాసి, ఆయమ్మలే వరస కట్టి పాడతారంట. సార్ వాళ్ల దేశం పోతా పెన్‌డ్రైవ్ ఈయప్పకే ఇచ్చిపోయినాడు."

"పాటకి అర్థమేంటి?"

"నాకేం తెలుసు? ఈయప్పకీ తెలీదు."

వెంకటప్ప చేతులు మెల్లగా దిగాయి. "ఇంట్లో ఒక్క దినమన్నా పాడలేదే ఈయప్ప!" అని సరోజమ్మ నోరు తెరిచింది. ఊరి ప్రయాణం ఆగింది.

పెన్‌డ్రైవ్ తెప్పించి విన్నాను. ఒకామె పియానో వాయిస్తూ పాడుతోంది. దుఃఖమో సంతోషమో తేల్చుకోలేకపోయాను. ఫోన్‌లో అనువాదం చేయబోతే ఇంకా గందరగోళం. మాటల్ని రాగంలో పలికించే వైద్యం ఒకటుంది, మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. రోగి ఎడమచేత్తో తాళం వేయిస్తూ చిన్నచిన్న మాటలు పాడిస్తాం. తెలిసిన పాట వాడొద్దని, పాత మాటలే అడ్డొస్తాయని మాకు నేర్పారు. అలాగే అయింది. "నీళ్లు కావాల" అని ఎత్తుకుంటే పాట నేరుగా జపాన్ వెళ్లిపోయేది! చివరికి పల్లవి చివర్లో సాగే మూడు స్వరాల్ని మాత్రం తుంచి పెట్టుకున్నాను. "కా-వా-ల." వారాల తరబడి అదే. ఒకరోజు నిజంగానే అన్నాడు. తర్వాత "వద్దు", "ఇడ్లీ".

ఒక మధ్యాహ్నం నా గదిలో కూర్చుని ఉన్నాడు. సరోజమ్మ క్యారియర్ పట్టుకుని లోపలికొచ్చింది. ఎవరూ అడక్కుండానే ఆయన ఎడమచెయ్యి బల్ల మీద తాళం వేసింది. అవే మూడు స్వరాలు. "స-రో-జా."

"చూశారా, పోయిన పేరు తిరిగొచ్చింది!" అని చప్పట్లు కొట్టాను.

సరోజమ్మ ముఖం ఎర్రబడింది. "తిరిగొచ్చేదేంది మేడమ్? పెండ్లయినప్పటి నుంచి 'ఏమే' అనేదే గాని, పేరు పెట్టి ఎప్పుడన్నా పిలిచినాడా ఈయప్ప!"

నాకు అయోమయమైపోయింది. ఆయన పోగొట్టుకున్నాడని నేను బాధపడింది ఆయన నోట ఎన్నడూ లేని మాట! ఏం పోయిందో తెలియాలంటే ముందు ఏముండేదో తెలియాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చినా, ఇంట్లో ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారని మొదట అడుగుతాను. అర్థం తెలియని పాటలోంచి ఆయనకు ఆ పేరు ఎలా దొరికిందో మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

"అందురి ముందరా ఏందిది, సిగ్గులేదా?" అని సరోజమ్మ మొగుణ్ణి కసిరింది. కసురుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. క్యారియర్ విప్పుతూ, నా వంక చూడకుండా మెల్లగా అంది:

"ఇంగొకసారి అనమనండి మేడమ్."