ఎర్ర పెట్టె అప్పగింతలు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. నిజమే, గడిచినవి కొద్ది సంవత్సరాలే. కానీ డైరీ రాసే అలవాటున్నవాళ్లకి ఇదొక ఇబ్బంది. పాత పేజీ తిరగేస్తే అందులోని మనిషి ఎవరో పక్కింటి అమ్మాయిలా కనిపించి, పాపం, ఎంత భయపడేదో అని జాలి వేస్తుంది. ఆ రోజుల్లో నేను ఫోన్ మోగితే ఎత్తేదాన్ని కాదు. ఆగేదాకా దాని వంక చూసి, తర్వాత మెసేజ్ పెట్టేదాన్ని. పుస్తకాల్లో మనుషులు ఎంతసేపు మాట్లాడినా హాయిగా వినేదాన్ని (వాళ్లు తిరిగి నన్నేమీ అడగరు కదా). అలాంటి నాకు డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం, రాయగడలో బియ్యం కొట్టు మీదున్న రెండు గదుల రికార్డింగ్ స్టూడియోలో.

దాని యజమానిని అందరూ మాస్టారు అనేవారు. ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు. రైల్వే సిగ్నళ్ల విభాగంలో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం మనిషి. భజనలు, ఒడియా పెళ్లి పాటలు, ఆటోల మీద తిరిగే ప్రచారాలు, అన్నీ అక్కడ రికార్డయ్యేవి. నా పని కంప్యూటర్ ఆన్ చెయ్యడం, పాటల సాఫ్ట్‌వేర్ తెరవడం, మాస్టారు తలూపగానే బటన్ నొక్కడం. పాడేవాళ్లు అద్దానికి అవతల, నేను ఇవతల. మధ్యలో, మైకులోంచి వచ్చే గొంతును కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చి పంపే చిన్న ఎర్ర పెట్టె. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. నాకది బాగా నచ్చేది. ఇద్దరి మధ్య మాటలు మోసి, సొంతంగా ఒక్క మాటా మాట్లాడని జీవి కదా!

ఒకరోజు మాస్టారు జయపురంలో ఏదో పెళ్లికి సౌండ్ పెట్టడానికి వెళ్లారు. సరిగ్గా ఆ రోజే మా మేనత్త దిగింది. అత్తావాళ్లది రామనగుడ దగ్గర వ్యవసాయం. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లల్లో పెళ్లంటే పురోహితుణ్ణి అడిగే ముందు అత్తను అడిగేవారు, ఆ రోజు ఖాళీయేనా అని. పెళ్లిపాటలన్నీ ఆమె నోటనే ఉన్నాయి. ఆమె అప్పగింతల పాట ఎత్తుకుంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా ఏడవడం నేను కళ్లారా చూశాను. అలాంటి అత్త గొంతులో గడ్డ లేచింది. ఆ వారంలోనే విశాఖపట్నంలో ఆపరేషన్. తర్వాత మాట ఉంటుంది గానీ, పాట సంగతి చెప్పలేమన్నారట డాక్టర్లు.

"అంచేత ఈ గొంతుని నీ దగ్గర దాసీసి ఎల్తానే అమ్మీ," అంది అత్త, పెట్టెలో నగ పెట్టమన్నంత తేలిగ్గా. వెనకాల మావయ్య గుమ్మంలో నిలబడి, "సాయంత్రం గుణుపురం బస్సుకి ఎల్లిపోవాల. రేపు తెల్లారే విశాఖపట్నం పెయాణం," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ రోజంతా మాట్లాడిన మాటల్లో సగం 'బస్సు' అనేదే.

పాటలు ఒకదాని వెనక ఒకటి సాగాయి. నలుగు పాట, బంతులాట పాట, వియ్యపురాళ్లను వెక్కిరించే పాట (ఆ చివరి పాటకు మావయ్య సిగ్గుపడి బయటికి వెళ్లిపోయాడు). అత్త రాసుకున్న కాగితం లేదు, తడబాటు లేదు. నేను బటన్ మీద వేలు పెట్టుకుని నోరు తెరిచి విన్నాను. చిక్కంతా అప్పగింతల పాట దగ్గర వచ్చింది.

"పెళ్లికూతురేదే?" అంది అత్త.

"ఉత్తినే పాడెయ్యి అత్తా."

"ఎవుల్నీ అప్పగించకండా అప్పగింతలేటి? శుభమా అది? నువ్వే రా, కూకో."

రికార్డు బటన్ నొక్కి అద్దం అవతలికి వెళ్లాను. ఆమె ఎదురుగా పీట మీద, నుదుట కుంకుమతో, తల వంచుకుని కూర్చున్నాను. అత్త అంతకుముందే కింది కొట్టు నుంచి బియ్యం తెప్పించి పసుపు కలిపి ఉంచింది. చరణం అయినప్పుడల్లా ఒక గుప్పెడు అక్షింతలు నా మీద. మైకు తీగకు పొడవు చాలక ఎర్ర పెట్టెను నా పక్కనే బల్ల మీదికి తెచ్చి పెట్టాం కాబట్టి, దాని మీద కూడా. ఆ పాట ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. పెళ్లి నాది కాదని తెలిసినా నా కళ్ల నీళ్లు ఆగలేదు. చివరి చరణం అయ్యాక ముక్కు తుడుచుకుంటూ అద్దం ఇవతలికి వచ్చి చూస్తే, సాఫ్ట్‌వేర్ లేదు. తెర మీద నీలం రంగు ఖాళీ. ఎప్పుడు మూసుకుపోయిందో!

మళ్లీ తెరిచాను. ముందు పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. అప్పగింతల పాట ఒక్కటే లేదు. పైగా 'పరికరం కనబడుట లేదు' అని ఒక సందేశం. పరికరం నా కళ్లెదురుగానే, పసుపు బియ్యం కప్పుకుని కూర్చుని ఉంది.

జీవితంలో మొదటిసారి నాకు నేనుగా ఒకరికి ఫోన్ చేశాను. అటు పక్క బ్యాండు మోత. ఆ మోతలోనే మాస్టారు, "కంగారు పడకు. సిగ్నల్ పోతే మేం ఏటి సేసేవోళ్లం? ఒకపాలికి ఒక్కటే మారుస్తాం, మార్చింది పైకి సెప్తాం. నువ్వూ అంతే. గట్టిగా సెప్పు, ఇక్కడ వినబడదు," అన్నారు.

గట్టిగా చెప్పడం! అదీ నేను!

"తీగ తీశాను," అన్నాను. "వినబడలేదు!" అన్నారు. "తీగ తీశానూ!" అని అరిచాను. వెనక నుంచి అత్త, ఊరికే ఉండలేక, "తీగ తీసెనమ్మా," అని రాగం అందుకుంది. "సాఫ్ట్‌వేర్ పూర్తిగా మూశానూ!" "మూసెనమ్మా..." "కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టానూ!" "పెట్టెనమ్మా మా సిన్నదీ..." కింద కొట్టులో కాటా ఆగిపోయి, ఇద్దరు ఒడియా బేరగాళ్లు మెట్లెక్కి తొంగి చూశారు. భజన అనుకుని ఒకాయన చెప్పులు కూడా విడిచాడు.

వేరే రంధ్రంలో తీగ గుచ్చగానే పెట్టె కనబడింది. సంతోషంతో నలుగు పాట వినిపించాను. స్పీకర్లోంచి ఎవరో ముసలాయన, నిద్రలో ఉన్నట్టు, బరువుగా నలుగు పెట్టమంటున్నాడు.

అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! ఇది మా మావగారి గొంతు! పోయి ఎన్నాళ్లైనాది, నలుగెందుకు ఆయనకి?"

మావయ్య గుమ్మంలోంచి లోపలికి వచ్చి, కాసేపు శ్రద్ధగా విని, "అయ్య గొంతే," అన్నాడు. ఆయన బస్సు మాట మరిచిపోయింది అప్పుడొక్కసారే.

మాస్టారికి చెప్తే అంత మోతలోనూ నవ్వు వినబడింది. సాఫ్ట్‌వేర్ కూలిపోయి లేచేసరికి పెట్టె తన వేగం మరిచిపోయిందట. పాట రికార్డయిన వేగంలో సగంతో నడుస్తోందట. పెట్టెకీ సాఫ్ట్‌వేర్‌కీ వేగం అంకె ఒకటే పెట్టించారు. ముసలాయన వెళ్లిపోయి అత్త వచ్చింది. ఇక మైకు ఒక్కటే పలకడం లేదు. దానికి కరెంటు పంపే మీట నొక్కుతుంటే లోపలికి దిగడం లేదు. "నొక్కానూ! దిగలేదూ!" అని అరుస్తూ వంగి చూశాను. మీట పక్క సందులో నిటారుగా ఒక పసుపు బియ్యపు గింజ. తల పిన్నుతో దాన్ని పైకి తీశాను. మీట దిగింది, ఎర్ర దీపం వెలిగింది. మాస్టారు అటునుంచి, "శభాష్! ఇంక నాను ఎల్తాను, ఇక్కడ పెళ్లికొడుకు దిగీసేడు," అని పెట్టేశారు. ఆ 'శభాష్' ఆ రాత్రి డైరీలో ఒక పేజీ తిన్నది.

"అత్తా, ఇంక అప్పగింతలు పాడు," అన్నాను.

"పాడీసేను కదే."

"అది పోయింది అత్తా."

"మిషన్లో పోనాది. నోట్లోంచి వచ్చీసింది కదా. నిన్ను అప్పగించీసేను. ఒక ఆడగుంటని ఒకే పూట రెండుసార్లు అప్పగిస్తారేటే? రెండో పెళ్లి సేసినట్టుగుంటాది. నానొల్లను."

బతిమాలాను. మావయ్య బతిమాలాడు. అత్త కదల్లేదు. ఆ పాట కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. అది లేకుండా వెళ్లిపోతే ఆపరేషన్ తర్వాత ఎక్కడినుంచి తెస్తాం? ఇంకో అమ్మాయిని పిలుచుకొచ్చే వ్యవధి లేదు. "బస్సు," అన్నాడు మావయ్య, ఈసారి నిజంగా ఏడుపు గొంతుతో. నేను ఎర్ర పెట్టె మీది బియ్యపు గింజలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను. అత్త నా చేతుల వంకే చూస్తోంది.

"ఆగవే," అంది. "దీని మీద అక్షింతలు పడ్డాయి కదా?"

"పడ్డాయి."

"నీకు పడినన్ని పడ్డాయి. అయితే దీనికీ పెళ్లైపోనాది. అప్పగింతలే మిగిలేయి." కంప్యూటర్ వైపు చెయ్యి చూపింది. "అది అత్తోరిల్లు. ఆ తీగ కొంగుముడి. పిల్లకి ఎల్లడం ఇష్టం నేక ఇందాకట్నుంచి మారాం సేస్తన్నాది. మరి అప్పగించకండా తోలీస్తే అంతే."

ఆమె నవ్వడం లేదు. పెట్టె మూల మీద వేలితో కుంకుమ బొట్టు పెట్టి, దాన్ని రెండు చేతులతో ఒళ్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని పాడింది. మొదటిసారి కంటే బాగా పాడింది. నాకు పాడినప్పుడు నేను తన మేనకోడల్ని మాత్రమే. ఇప్పుడు ఒళ్లో ఉన్నది తన గొంతు. అది వెళ్తున్న ఇల్లు తనకు తెలియని ఇల్లు. మధ్యలో అప్పటికప్పుడు కొత్త మాటలు పుట్టాయి: 'ఎర్రెర్రని పిల్లండి, ఏడిపించకండి. పిలిస్తే పలుకుతాది, కసరకండి.' గుమ్మంలో మావయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను అద్దం ఇవతల, తెర మీద కదిలే గీతలనే చూస్తూ నిలబడ్డాను. పాట ఆగింది. గీతలు ఆగాయి. పాటంతా రికార్డులో పడింది.

బస్సు దొరికిందని మావయ్య తర్వాత ఫోన్ చేసి చెప్పాడు. నేను ఎత్తాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. అత్త గొంతు వచ్చింది గానీ బొంగురుగా వచ్చింది, పై స్థాయి అందదు. ఇప్పుడు మావాళ్ల పెళ్లిళ్లలో అప్పగింతల వేళ అత్త రికార్డే పెడతారు. మొన్న గుణుపురం పక్కన ఒక పెళ్లిలో పెట్టారు. ఎర్రెర్రని పిల్లండి అనే చోటికి వచ్చేసరికి పెళ్లికూతురు తల్లి కుప్పకూలి ఏడ్చింది. పెళ్లికొడుకు మేనమామ కళ్లజోడు తీశాడు. పెళ్లికూతురు చామనఛాయ పిల్ల అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నేను అత్త వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ కొత్త బొంగురు గొంతుతో నా చెవిలో అంది:

"నవ్వకే అమ్మీ. ఎంతైనా ఆ ఎర్ర పిల్ల, కన్నకూతురి కంటే బాగా సూసుకుంటన్నాది నన్ను."