టేపక్క కొలిచి కొన్న బండి

టేపక్క మెడలో ఇరవై ఏడేళ్ళుగా కొలతల టేపు వేలాడుతూనే ఉంది. స్నానానికి తప్ప తియ్యదు. ఆమెకి అసలు పేరు ఒకటుందని కరెంటు బిల్లు ఇచ్చేవాడికి తప్ప వీధిలో ఎవరికీ గుర్తులేదు. మనిషిని చూస్తే చాలు, కొలత చెప్పేస్తుంది. "పోయినసారి కన్నా రెండంగుళాలు పెరిగావే!" అని నడివీధిలో అరుస్తుంది కాబట్టి, కాస్త లావెక్కిన వాళ్ళు ఆమె కుట్టు కొట్టు ముందు నుంచి కాకుండా చుట్టుదారిలో పోతుంటారు.

అలాంటి టేపక్క మోటారు సైకిలు కొంటానని పంతం పట్టడానికి కారణం ఒక పెట్రోలు బంకు.

రెండేళ్ళ కిందట భర్త బండి వెనక కూర్చుని బంధువుల ఇంటికి బయల్దేరింది. ఆయన నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా. రోజంతా జనం చెప్పేది వినీ వినీ, ఆఫీసు దాటాక ఇంక ఎవరి మాటా వినడు. తనే మాట్లాడతాడు. బంకులో ఆమె దిగింది. పెట్రోలు పోయించుకున్నాక ఆయన మాట్లాడుతూనే కిక్కు కొట్టి, మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు. నాలుగు కిలోమీటర్లు తన పైఅధికారిని తిడుతూ పోయి, "ఏమంటావ్?" అని అడిగితే జవాబు రాలేదు. అలిగిందనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు బతిమాలుతూ పోయాడు.

ముచ్చెమటలతో వెనక్కి వచ్చేసరికి, టేపక్క బంకులో గాలి కొట్టే అతని స్టూలు మీద కూర్చుని, అతని చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది.

అరవలేదు. "ఇంక మీ వెనక కూర్చోను" అంది, అంతే. ఎంత బతిమాలినా కూర్చోలేదు. ఆయన ఉడుక్కుని బండి అమ్మేసి బస్సులో తిరగడం మొదలెట్టాడు.

ఆయన మర్చిపోయిన సంగతి ఒకటుంది. పెళ్ళికి ముందు టేపక్క, వాళ్ళ నాన్న మోటారు సైకిలు మీద బట్టల మూటలు కట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి. లైసెన్సు ఇప్పటికీ బీరువాలో చీరల కింద భద్రంగా ఉంది.

ఆరు నెలలు ఫోనులో పాత బండ్ల ప్రకటనలు తిరగేసింది. చివరికి ఎక్కడో దూరపు ఊళ్ళో ఒక లైబ్రరీ మేడమ్ రిటైరై అమ్మకానికి పెట్టిన నల్ల బండి కంటపడింది.

"ఈ వయసులో నీకెందుకు? పైగా ఫోటో చూసి బండి కొంటావా? పెట్టెలో ఇటుకలొస్తాయి చూడు!" అన్నాడు ఆయన.

"ఇటుకలొస్తే గోడ కట్టుకుంటాలెండి."

వీడియో కాల్‌లో బండి స్టార్ట్ చేయించి, ఫోను ఇంజిను దగ్గర పెట్టించింది. కుట్టుమిషన్ చప్పుడు విని ఎక్కడ స్క్రూ వదులైందో చెప్పే చెవి ఆమెది. "మేడమ్, గొలుసు వదులుగా ఉంది, బిగించి పంపండి" అంటే అవతల లైబ్రరీ మేడమ్ బిత్తరపోయింది.

ఆ తర్వాత కొలతలు. కొనేవాళ్ళందరూ మైలేజీ అడుగుతారు. టేపక్క మాత్రం, "సీటు నుంచి నేలకి ఎంత? హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఎంత? మీద తగిలించినవన్నీ విప్పేసి కొలవండి, పై బట్టల మీద కొలత తీసుకోకూడదు" అంది. పాపం మేడమ్ బండి అద్దాలు కూడా విప్పి కొలిచింది. హ్యాండిల్ ముప్పై ఒక్క అంగుళాలు.

టేపక్కకి కావలసింది అదే. కొట్టు పక్కన వీధి గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా రెండు గోడల మధ్య సందు ఉంది. ఇంట్లోకి, ఇంట్లోంచి అదొక్కటే దారి. వెడల్పు ముప్పై నాలుగు. మూడంగుళాలు లూజు! బండి హాయిగా లోపలికి పోయి రేకుల కింద పడుకుంటుంది.

డబ్బు ఆమె కుట్టి సంపాదించిందే కాబట్టి ఆయనకి అడ్డుపెట్టే దారి దొరకలేదు. అందుకే శపథం చేశాడు. "ఆ బండి ఈ ఇంటి లోపలికొచ్చిన రోజు నేను బయటికెళ్ళిపోతా! చెప్తున్నా!"

ఆ మాట ఎదురుగా తోపుడు బండి మీద బట్టలు ఇస్త్రీ చేసుకునే బాబాయ్ చెవిన పడింది. అంటే వీధంతా విన్నట్టే.

ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ఎనిమిదో రోజు పొద్దున్నే టెంపో వేసుకొచ్చారు. బండిని దించగానే టేపక్క నోరు తెరిచింది. అట్టముక్కలు, స్పాంజి, వాటి మీద గోనెసంచులు, వాటి మీద గట్టిగా బిగించిన ప్లాస్టిక్. సన్నగా నాజూగ్గా ఉండాల్సిన బండి మూడు పరుపులు చుట్టుకున్న పహిల్వాన్‌లా ఉంది. ఒంటి కొలత పక్కాగా తీసుకుంది కానీ, ఇంత చలికోటు తొడుక్కొస్తుందని అనుకోలేదు.

"ఆగండాగండి, కొలుస్తా!" అంటూ టేపు లాగేలోపే ఇద్దరూ కలిసి బండిని సందులోకి తోసేశారు. టెంపో వెనక ఆగిపోయిన బండ్లవి ఒకటే హారన్లు. స్పాంజి నొక్కుకుని పది అడుగుల దాకా పోయింది. తర్వాత గోనె గరుకు గోడకి పట్టేసి ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. కాగితం మీద సంతకం పెట్టించుకుని వాళ్ళు చక్కా పోయారు.

లోపల ఆయన స్నానం చేసి, తెల్ల ప్యాంటు తొడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు. చూశాడు.

"అయితే తెచ్చేశావన్నమాట! సరే! నేను పోతున్నా!"

విసవిసా లోపలికెళ్ళి సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని, విసవిసా సందులోకి వచ్చాడు. బండి దగ్గర ఆగిపోయాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బండే.

"వెళ్ళండి మరి" అంది టేపక్క అవతల నుంచి.

"అడ్డు తియ్యి!"

"కదలట్లేదండీ. నేనేం చెయ్యను?"

ఇస్త్రీ బాబాయ్ పెట్టె పక్కన పెట్టి గేటు దగ్గరికి వచ్చాడు. "ఏవయ్యా, వెళ్ళిపోతానన్నావ్, ఇంకా ఇంట్లోనే ఉన్నావ్?"

ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. సంచి భుజాన వేసుకుని, బండి ఎక్కి దాటాలని కాలు పైకెత్తాడు.

"ఏమండీ, ఆ ప్యాంటు కుట్టింది నేను" అంది టేపక్క నెమ్మదిగా. "కాలు అంత ఎత్తితే వెనకేమవుతుందో నాకు తెలుసు."

కాలు మెల్లగా నేల మీదికి దిగింది.

"పదింటికి సంతకాల రిజిస్టరు తీసేస్తారే! ఏదో ఒకటి చెయ్యి!" గొంతు కాస్త దిగింది.

టేపక్క కొట్లోకి వెళ్ళి పెద్ద కత్తెర తెచ్చింది. కత్తిరిస్తే పోయేదానికి ఇంతసేపూ ఆ సంగతి ఎందుకు తట్టలేదని ఆయన అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

"పొరకో మాట" అంది. "ప్లాస్టిక్ కత్తిరించాలంటే, బండి ఇంట్లోనే ఉంటుంది."

"ఉండనీ."

కత్తెర కరకరలాడింది.

"గోనె కత్తిరించాలంటే, ఈ వయసులో నీకెందుకు అన్న మాట మళ్ళీ వినపడకూడదు."

"అనను తల్లీ! కానీ!"

స్పాంజి దగ్గర ఆగింది. "ఇవాళ ఆఫీసుకి నా వెనక కూర్చుని వెళ్ళాలి."

ఆయన ఆకాశం వైపు చూశాడు. రోడ్డు మీద ఆయన బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"పదింటిలోపు అదే ఆఖరి బస్సు కదూ?" అన్నాడు బాబాయ్ జాలిగా.

"...కూర్చుంటా."

పొరలన్నీ ఊడాక బండి సందులోంచి సబ్బుముక్కలా జారి బయటికొచ్చింది. కానీ ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ట్యాంకు ఖాళీ చేసి గానీ బండి ఎక్కించుకోరు. చుక్క పెట్రోలు లేదు. టేపక్క ఎక్కి హ్యాండిల్ పట్టుకుంది, ఆయన సంచి మెడకి తగిలించుకుని వెనక నుంచి తోశాడు. వీధి చివర బంకు దాకా. ఆ బంకే.

పెట్రోలు పోయించాక టేపక్క అరచేతులు చీరకి తుడుచుకుంది. బండి నడిపి ముప్పై ఏళ్ళయింది. మొదటి కిక్కుకి బండి తుమ్మింది. రెండోదానికి దగ్గింది. మూడోదానికి అందుకుంది. చప్పుడు వినగానే ఆమె భుజాలు వాటంతటవే నిటారుగా లేచాయి.

"ఉండు, సంచి సర్దుకుని ఎక్కుతా" అంటున్నాడు ఆయన.

వెనక బండి కుంగలేదని ఆమెకి తెలుసు. ఆయన బరువెంతో ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? క్లచ్ వదిలింది.

"ఏమండీ, చల్లగాలి ఎంత బాగుందో! ఆ మూలింటావిడ జాకెట్టు చూశారా, మూడుసార్లు కుట్లు విప్పించింది, ఏమంటారు? ఏంటి, మాట్లాడరే? అలిగారా?" ఖాళీ సీటుకి చెప్పుకుంటూ, వీధి మలుపు దాకా పోయి, గుండ్రంగా తిరిగి వచ్చింది.

గాలి కొట్టే అతను స్టూలు దులిపి ఆయనకి వేస్తున్నాడు.

ఈసారి ఆయన బండి ఆగీ ఆగకముందే ఎక్కేశాడు. "కూర్చున్నా" అన్నాడు. మలుపు దగ్గర, "ఉన్నా" అన్నాడు. గతుకు దగ్గర, "ఇక్కడే ఉన్నా" అన్నాడు. ఆఫీసు దాకా ఆయన మాట్లాడింది అంతే.

సాయంత్రం ఇంటికి రాగానే ఆయన స్పానరు అడిగి తెచ్చుకుని, లైబ్రరీ మేడమ్ విడిగా కట్టి పంపిన మడిచే అద్దాలు రెండూ బిగించాడు. వెనక సీటు బాగా కనపడేలా ఒకటికి నాలుగుసార్లు కూర్చుని చూసుకుని మరీ తిప్పాడు.

మర్నాడు పొద్దున టేపక్క ఒక అద్దాన్ని తన మొహం కనపడేలా తిప్పుకుంది. రెండోదాన్ని, పాపం, అలాగే ఉంచింది.