పైడమ్మ పోసిన నీళ్లు

కొన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. అది ఆడినప్పుడు నా నాలుక కూడా తడబడలేదు. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు అడక్కండి. విజయనగరంలో పాత డీజిల్ ఆటోలకు ఇంజను తీసేసి బ్యాటరీ పెట్టే షెడ్డు నాది. అంతవరకు తెలిస్తే చాలు.

అప్పన్న నాకు వరసకు బావమరిది. పొగ రాని బండి కావాలని ముచ్చటపడి తన ఆటో నా చేతిలో పెట్టాడు. లిథియం బ్యాటరీ పెట్టాను. దాని లోపల ఒక చిన్న బోర్డు ఉంటుంది. బ్యాటరీ వేడెక్కినా, ఛార్జింగ్ మితిమీరినా అదే ఆపేస్తుంది. అప్పన్న బండిలో ఆ బోర్డు పాడైంది. కాస్త ఎత్తు ఎక్కితే చాలు, బండి ఆగిపోయేది. కొత్త బోర్డు వైజాగ్ నుంచి రావాలి.

"రేపు రామతీర్తం ఎల్లి బండికి పూజ సేయించాల బావా. మంచి రోజు మల్లీ దొరకదు. ఏదోటి సెయ్యి," అన్నాడు.

చేశాను. బోర్డుతో పని లేకుండా ఒక తీగ ముక్కతో నేరుగా కలిపేశాను. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాను. అతనికి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే నా పనితనాన్ని శంకిస్తాడనా, లేక అప్పుడే నాలో ఎక్కడో తప్పని తెలిసి, తెలియనట్టు నటించానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడు పొద్దున్న అతని భార్య పైడమ్మ, మా వైపు కొత్త బండికి ఎవరైనా చేసినట్టే, బిందెతో పసుపు నీళ్లు పోసి ఆటో కడిగింది. సీటెత్తి బ్యాటరీ పెట్టెకు బొట్టు కూడా పెట్టింది. గుడికి వెళ్లొచ్చాక అప్పన్న వసారాలో బండిని ఛార్జింగుకు పెట్టి, వెనక సీట్లోనే కునుకు తీశాడు. మళ్లీ లేవలేదు.

నేను వెళ్లేసరికి మంట ఆరిపోయింది. మగ్గిన పండులాంటి తీపి వాసన వసారా అంతా పట్టుకుని ఉంది. ఈ బ్యాటరీలు పగిలితే వచ్చే వాసనే అది. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి జనమంతా నా మొహమే చూశారు.

"నాను పోసిన నీల్లేనేటి, అన్నా?" అంది పైడమ్మ.

"పెట్టెలోకి నీల్లు దిగిపోనాయమ్మా," అన్నాను.

ఆడలేక మద్దెల ఓడంటారే, నేను మద్దెలను వదిలేసి మనిషి మీదే నెపం వేశాను. మొగుణ్ని చేజేతులా చంపుకున్నానని ఆ రోజు నుంచి ఆమె నమ్ముతోంది.

అప్పుడప్పుడు షెడ్డుకు వస్తుంది. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు, ఒక్కో బ్యాటరీ పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. ఆమె వెళ్లాక నేనూ చెయ్యి పెడతాను. వెచ్చగా ఉంటుంది. లోపల ఏమీ లేని ఖాళీ పెట్టె కూడా వెచ్చగానే ఉంటుంది. మీటరు పెడితే సున్నా చూపిస్తుంది. ఆ తీపి వాసన మాత్రం వస్తుంది. పనివాళ్లను అడిగితే ఏ వాసనా లేదంటారు. నా పాపమే ముక్కులో చేరిందా? చేరితే చేరింది, మరి ఆ వెచ్చదనం? నాకు భయంగా ఉంది.

నిన్న మళ్లీ వచ్చింది. నాకు ఇక ఓపిక లేకపోయింది. బోర్డు సంగతి, తీగ సంగతి, నా అబద్ధం, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. పెట్టె మీద చెయ్యి తియ్యకుండా విన్నది. తిడుతుందని, మీద పడి కొడుతుందని చూశాను. కొంగుతో నా కళ్లు తుడిచింది.

"నా ఏడుపు సూడలేక ఇలాగంతన్నావు. నాను పోసిన నీల్లు నానెరగనేటి? నువ్వు మంచోడివన్నా," అంది.

దేవుడి మీద ఒట్టేశాను. జాలిగా తల ఊపి, పక్కనున్న పెట్టె దగ్గరికి నడిచింది.

ఇంక ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. మీరైనా నమ్మండి. ఆ తీగ కలిపింది నేను.