పచ్చి ఇటుక ఇవ్వని బావ

మా అక్క మొగుడు బేస్తవారం పొద్దున పోయాడు. త్రీఫేజు కరెంటు వచ్చిందని మిషన్ దగ్గరికి పరుగెత్తి, స్విచ్చు వేయకముందే గుండె పట్టుకుని కూలబడ్డాడట. కాయిన్‌బాక్సు నుంచి ఫోన్ చేసిన కూలీ ఆ మాట చెప్పి, వెంటనే "కలిపిన సిమెంటు మాలు గట్టిపడతాండాది, ఏం చేయాలన్నా?" అని అడిగాడు. బావ దగ్గర పనిచేస్తే ఎవరైనా అలాగే తయారవుతారు.

బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు పక్కన మాకు సిమెంటు ఇటుకల యార్డు, అందులోనే బావ ఇల్లు ఉన్నాయి. మిషన్ ఆయనది, లెక్కలు నావి. ఇన్నేళ్లలో ఆయన నా మాట విన్న రోజు ఒకటి కూడా గుర్తు రావడం లేదు.

మొదట చేతి అచ్చులతో చేసేవాళ్లం. తర్వాత బెంగళూరు నుంచి పాత మిషన్ ఒకటి తెచ్చాడు. నేల మీద ఇటుకలు దించి, ముందుకు జరిగి, మళ్లీ దించుతుంది. ఊళ్లో దానికి కోడి అని పేరు పెట్టారు. "మీ కోడి ఈ పొద్దు ఎన్ని పెట్టినాదప్పా?" అని టీ అంగడి దగ్గర నన్ను అడిగేవాళ్లు. ఆయనను అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

రాతిపొడి, చిన్న కంకర, సిమెంటు కలిపాక ఆయన గుప్పెడు తీసి పిసికేవాడు. ఉండ నిలబడాలి, అరచేతికి తడి అంటకూడదు. అంటితే మళ్లీ కలిపించేవాడు. ఉండేదే కాసేపు కరెంటు, అది కాస్తా ఇందులోనే పోయేది. "ఎవరు చూస్తారు బావా దాన్ని?" అంటే, "గోడ చూస్తాది" అనేవాడు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? ఆయన ఇటుకతో కట్టిన గోడ పగిలిందని ఎవరూ మా యార్డుకు రాలేదు. అది ఒప్పుకోవడానికి కూడా నాకు విసుగే.

అన్నిటికన్నా పెద్ద బాధ నీళ్లు. అచ్చులోంచి వచ్చిన ఇటుకను రెండు వారాలు తడిగా ఉంచితేనే గట్టిపడుతుంది. ముందే ఎండితే మూలలు రాలిపోతాయి. ఈ ఎండాకాలం మా బోరు ఎండింది. ఇంకొకరైతే మిషన్ ఆపేవాళ్లు. బావ ధర్మవరంలో మగ్గాలున్న ఒకాయన కొత్తింటికి ఆర్డర్ ఒప్పుకున్నాడు. ఇటుకల మీద గోనెలు కప్పాడు. ట్యాంకర్ వస్తే ఇంటికి రెండు బిందెలు, మిగతాదంతా గోనెలకు. మా అక్క అంట్లు బూడిదతో తుడిచి బోర్లించేది.

ఆయన పోయే ముందు రోజు ఆ ధర్మవరం ఆయన లారీతో వచ్చాడు.

"మేస్త్రీలు ఊరికే కూర్చోనుండారు. ఎక్కించన్నా."

"ఇంకా పచ్చివప్పా. వచ్చే వారం రా."

"నా ఇటుకలు, నా గోడ. నీకేమి నొప్పి?"

"ఆ గోడ పక్కన పండుకునేది నీ పిల్లోళ్లు కదా."

"ఇటుకలమ్ముతాండావా, కూతుర్ని అత్తగారింటికి పంపిస్తాండావా?"

ఎక్కించమని నేనూ అన్నాను. ఉన్నది ఆ ఒక్క ఆర్డరే. బావ ఇద్దరినీ చూడకుండా గోనెలు సర్దుకుంటూ పోయాడు. లారీ ఖాళీగా వెనక్కి పోయింది.

మరునాడు శవాన్ని ఎత్తే వేళకు ధర్మవరం ఆయన కూడా వచ్చాడు. పాడె పట్టాడు. మట్టి చేసి తిరిగొచ్చాం. ఇంట్లోకి పోవాలంటే అందరూ తల మీద నీళ్లు పోసుకోవాలి. ఉన్నది ట్యాంకర్ అడుగున మిగిలిందే. పొద్దున నుంచి ఇటుకల మీద చుక్క పడలేదు, గోనెలు ఎండి పెళపెళలాడుతున్నాయి. ఇప్పటికి అక్క చేతికి డబ్బు వచ్చేది ఆ ఇటుకల మీదే. ఇంకో పూట ఆగితే అదీ ఉండదు.

వాకిట్లో కూర్చున్న అక్క తల ఎత్తకుండా అంది. "ఆ ఇటుకల మీద నిలబడి పోసుకోండి. సబ్బు వద్దు."

మా చిన్నాయన కసురుకున్నాడు. "మైల నీళ్లు కొత్తింటి గోడకా? ఆయప్ప ఒప్పుకోవద్దా?"

అందరూ ధర్మవరం ఆయన వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. ఉన్నన్నాళ్లూ ఈ మనిషి తరఫున అందరికీ సర్దిచెప్పింది నేనే. పోయాక కూడా అదే పని పెట్టాడు.

నేను నోరు తెరిచేలోపే ధర్మవరం ఆయన చొక్కా విప్పి, చెంబు తీసుకుని, పేర్చిన ఇటుకల మీదికి ఎక్కాడు.

"తడి సాల్లేదనే కదా నిన్న నన్ను ఎనక్కి పంపించినాడు" అని నెత్తిన పోసుకున్నాడు.

ఆయన వెనకే చిన్నాయన, తర్వాత కూలీలు. ఒంటి మీంచి జారిన నీళ్లు గోనెల్లోకి ఇంకి, నల్లటి తడి ఒక్కో వరుసే కిందికి దిగింది. నా వంతు వచ్చేసరికి పడమటి మూల ఇంకా ఎండి తెల్లగా కనిపించింది. అటు జరిగి నిలబడి పోసుకున్నాను.