ఖర్జూరం మొక్కలకు కరువు వేషం

ఇగో, చాయ్ తాగుకుంట వినుర్రి. నాకు ఊరికి పోను చుట్టీ ఎట్ల దొరికిందని అందరు అడుగుతున్నరు గదా? పని మంచిగ చేసినందుకు అనుకుంటున్నరేమో! నవ్వద్దు మల్ల, చెప్త.

గల్ఫ్‌ల యుద్ధం మొదలైనప్పటి సంది మా చుట్టీలన్నీ బంద్. యుద్ధం అయిపోయినంక కూడా మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిల పెట్టుకున్న అరబ్బు సేఠ్, "బుక్రా, బుక్రా" అంటనే ఉన్నడు. రేపు, రేపు అని! ఊర్ల నా బిడ్డ పుట్టి, నడక కూడా నేర్చింది. నేనింక మొఖం చూడలే. మొన్న ఆయనే నేను పనిజేసే ఖర్జూరం తోటకొచ్చి, సగం అరబ్బీ సగం హిందీల, "కొత్త ఖర్జూరం మొక్కలకు సర్కార్ సబ్సిడీ ఇస్తది. రేపు ముదీర్, అంటే వాళ్ల పెద్దాఫీసర్, తనిఖీకి వస్తడు. తోట తయారు పెట్టు. సబ్సిడీ మంజూరైతే నీ చుట్టీ పక్కా" అన్నడు.

సర్కార్ పైసలు, ఆఫీసర్ తనిఖీ! నాకు కొత్తనా? మా జగిత్యాల దిక్కు కరువొచ్చిన ఏడు పంట నష్టం రాసుకునే ఆఫీసర్ జీపు దిగంగనే మా నాయిన ఏం చేసేటోడు? బాయి కాడి పచ్చటి మడి దిక్కు పోనిచ్చేటోడా? చినిగిన బనీను ఏసుకొని, ఎండిన మడి కాడికే తోల్కపోయేటోడు. సర్కార్ చెయ్యి కదలాలంటే రైతు మొఖం ఏడ్వాలె. ఇది మనకు ఉగ్గుపాలతోని వచ్చిన విద్య!

ఇగ షురూ చేసిన. గేటు కాడ నిగనిగలాడే మొక్కలుంటే, ఒక్కొక్కదాని చుట్టు ఎండు మట్టలు కట్టిన. ఆకుల మీద ఇసుక చల్లిన. మోటర్ బంద్ పెట్టిన. నాతోని ఉండే పాకిస్తానీ ట్రాక్టర్ డ్రైవర్ రఫీక్ డీజిల్ కోసం పోయిండు. ఉంటే అడ్డం మాట్లాడుతడు, లేకపోవుడే మంచిదైందనుకున్న.

తెల్లారి ముదీర్ కారు దిగిండు, పక్కన కఫీల్. నేను చినిగిన బనీనుతోని చేతులు కట్టుకొని నిలవడ్డ. ముదీర్ ఒక మొక్కను చూసిండు, ఇంకోదాన్ని చూసిండు, తల అడ్డంగ ఊపిండు. పని అయితున్నదనుకొని జోరు పెంచిన.

"మాఫీ మోయా, సాబ్! నీళ్లు లేవు! అంతా ఖతం!" అని కండ్లు తుడుసుకున్న.

కఫీల్ మొఖం ఎర్రగైంది. అప్పుడే వచ్చిన రఫీక్ నా చెవుల, "అరే పాగల్! యహా జిందా పేడ్ కా పైసా మిల్తా హై!" అన్నడు.

బతికిన చెట్టుకే పైసలట!

చుట్టీ పాయె, బిడ్డ మొఖం చూసుడు పాయె! ఉరికిన. మట్టలు పీకుడు, ఇసుక దులుపుడు, మోటర్ ఏసుడు. "సాబ్, జిందా! సబ్ జిందా!" అని ఒకటే ఒర్లుడు. మట్ట తీసిన కాడల్లా పచ్చటి మొక్క బయట పడుతున్నది. ముదీర్ ముందు నోరు తెరిచిండు. నేను చెప్పిన మా ఊరి కరువు ముచ్చట రఫీక్ అరబ్బీల చెప్పినంక పొట్ట పట్టుకొని నవ్విండు. తోటంతా తిరిగి చూసి, సబ్సిడీ మంజూరు చేసి పోయిండు.

కఫీల్ మాట తప్పలే. పాస్‌పోర్ట్ నా చేతుల పెట్టి, "పో, బిడ్డను చూసుకో" అన్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఈసారి నిజం నీళ్లే! షుక్రన్ అని దండం పెట్టి తిరిగి పోతుంటే ఎనుక నుంచి పిలిచిండు.

"ముదీర్ ఇంకోసారి తనిఖీకి వస్తడు. ఆయన వచ్చి పోయేదాకా నువ్వు ఈ దేశం దిక్కు రాకు!"